ముందు ఆఖరి గది

ఆ గదిని అందరూ ఆఖరి గది అనేవారు. పనిలో చేరిన మొదటి రోజు వ్యాను డ్రైవరు ఆమెకు జంతువుల షెల్టరంతా తిప్పి చూపించాడు. ఇది కుక్కపిల్లల వరస, ఇది పిల్లుల గది, ఇది కుందేళ్ల మూల, అది మందుల గది, అదిగో ఆ చివర ఇనప తలుపుది ఆఖరి గది. ఎందుకు ఆఖరిదో అతను చెప్పలేదు. ఆమె అడగలేదు. ఇరవై ఆరేళ్లు మనుషుల ఆస్పత్రిలో ఆయాగా చేసిన మనిషికి ఆఖరి అనే మాటకు అర్థం ఒకరు చెప్పాలా? ఆఖరి మంచం, ఆఖరి గుక్క, ఆఖరి చూపు. అన్నీ ఆమె చూసినవే. చావుకు దగ్గరపడ్డవాటిని ఉంచే గది కాబోలు అనుకుంది.

చావుకు దగ్గరపడ్డవాళ్ల దగ్గరికి ముందు వెళ్లాలి. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు, తనంతట తనే నేర్చుకుంది. ఆస్పత్రిలో డ్యూటీ ఎక్కగానే అందరికంటే ఎక్కువ మూలుగుతున్న మంచం దగ్గరికి నేరుగా వెళ్లేది. తడిసిన దుప్పటి లాగి, మొహం తుడిచి, రెండు చుక్కలు నీళ్లు పోసి, ఆ తర్వాతే మిగతావాళ్ల సంగతి. రోగులు ఆమెను ఆయమ్మా అని పిలిచారు. ఆ పేరు ఆస్పత్రి గేటు దాటి ఈ షెల్టరు దాకా ఆమె వెంటే వచ్చింది. పేరుతోపాటు ఆ అలవాటూ వచ్చింది.

కుక్కపిల్లల వరసలో పదకొండు బోన్లు. ఒకటో బోను ఆఖరి గది తలుపుకు దగ్గర, పదకొండోది వీధి కిటికీ దగ్గర. పదకొండో బోనులో ఒక నల్ల ఆడ కుక్కపిల్ల ఉండేది. తోక చివర మాత్రం ఎవరో సున్నం డబ్బాలో ముంచి తీసినట్టు తెల్లగా. ఆయమ్మ మనవరాలు ఒక సెలవు రోజున అమ్మమ్మతో వచ్చి, పదకొండు బోన్లూ చూసి, చివరిదాని ముందు కూలబడింది.

"ఇదే. పేరు కూడా పెట్టేశాను. సున్నంతోక."

"అదేం పేరే? పెళ్ళలూడిన గోడలాగా."

"దానికి నచ్చింది. నీకెందుకు?"

షెల్టరు డాక్టరమ్మ నవ్వి, రెండో టీకా సూది పడి పది రోజులు దాటితే గానీ పిల్లను బయటికి పంపనని చెప్పింది. మనవరాలు ఇంటికి పోయి తన పాత స్వెటరు రెండు చేతులూ కత్తిరించి అట్టపెట్టెలో పరుపు వేసింది. ఆ ఎనిమిదేళ్ల పిల్లకు తోడబుట్టినవాళ్లు లేరు. తల్లి పొద్దున్నే ఫ్యాక్టరీకి పోతే చీకటి పడ్డాకే వచ్చేది. బడి వదిలాక ఖాళీ ఇల్లు. ఆ ఖాళీలోకి ఇక ఒక తోక వస్తుందని రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

అలా ఉండగా ఒక సోమవారం డ్రైవరు ఒక కుక్కపిల్లను తెచ్చాడు. అతనికి హారన్ అని పేరు. వ్యాను హారన్ పాడై రెండేళ్లయినా ఎవరూ బాగుచేయించలేదు, ఎందుకంటే అతని గొంతు చాలు. ఆ రోజు మాత్రం గొంతు పెగల్లేదు. పెట్టెలో మట్టిరంగు పిల్ల, మూడు నెలలది, పక్కకు వాలిపోయి ఉంది. వెనక భాగమంతా నెత్తుటి విరేచనం. ఆ వాసన ఆయమ్మ ఆస్పత్రిలో కూడా ఎరగదు. తుప్పు పట్టిన ఇనుమూ, కుళ్లూ కలిసిన వాసన. ముక్కులో దూరితే పూటంతా పోదు.

డాక్టరమ్మ చిన్న పరీక్ష పట్టీ మీద చుక్క వేసింది. రెండు గీతలు పడ్డాయి.

"పార్వో," అంది.

"అంటే ఏంటమ్మా?"

"పేగుల్ని కొరుక్కు తినే జబ్బు, ఆయమ్మా. మనకి రాదు. కుక్కపిల్లల్ని మాత్రం వదలదు. దాన్ని చంపే మందు లేదు. సెలైన్ ఎక్కించడం, వాంతులు ఆపడమే మన పని, గెలవాల్సింది పిల్లే. ఆఖరి గదిలో పెట్టండి. అక్కడి పని ఎలా చెయ్యాలో తెలుసుగా?"

"అయ్యో, తెలియకపోవడమేంటమ్మా," అంది ఆయమ్మ.

డాక్టరమ్మ తల ఊపి వెళ్లిపోయింది. ఒకరు అడిగారు, ఒకరు చెప్పారు. ఇద్దరూ ఒకే మాట గురించి మాట్లాడుకుంటున్నామనే అనుకున్నారు.

మర్నాడు పొద్దున ఆయమ్మ బూట్లు వేసుకుంది. చక్రాల బకెట్లో నీళ్లు నింపి కప్పుడు బ్లీచు పోసింది. నేల తుడిచే కర్ర తీసుకుంది. నేరుగా ఆఖరి గదికి నడిచింది. మట్టిరంగు పిల్ల తల ఎత్తలేకపోయింది కానీ కళ్లు తిప్పింది. ఆ కళ్లకు ఆమె కరిగిపోయింది. తడి గుడ్డలు తీసింది, నేల కడిగింది, పిల్ల మూతి తడిపింది. గ్లౌజులు విప్పి పారేసి మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంది. ఆస్పత్రి మనిషి కదా, చేతుల విషయంలో ఆమెకు ఒకరు వంక పెట్టలేరు. తర్వాత అదే బకెట్టు, అదే కర్ర, అవే బూట్లతో ఒకటో బోను దగ్గరికి వెళ్లింది. ఆస్పత్రిలో జబ్బు చేతుల మీద తిరిగేది. ఇక్కడ బూట్లు తొడుక్కుని తిరిగింది.

బుధవారం మట్టిరంగు పిల్ల పోయింది.

శనివారం ఒకటో బోనులో పిల్ల తిండి ముట్టలేదు. మధ్యాహ్నానికి నురగలాంటి వాంతి. ఆయమ్మ బోను తలుపు తీయగానే ఆ ఇనుప వాసన గుప్పుమంది.  పిల్ల ఆఖరి గదికి వెళ్లింది. ఆదివారం రెండో బోను. సోమవారం మూడో బోను ముందు ఊపిరి బిగబట్టి నిలబడితే, అందులోని బండ పిల్ల ఏమీ ఎరగనట్టు గిన్నె బోర్లించి ఆడుతోంది. అమ్మయ్య అనుకుంది. ఆ అమ్మయ్య నోట్లో ఉండగానే నాలుగో బోనులోంచి వాంతి చప్పుడు వినిపించింది.

నాలుగు. తర్వాత ఐదు. ఆయమ్మ కళ్లు తనకు తెలియకుండానే వరస వెంట కిటికీ దాకా పరుగెత్తాయి. పదకొండో బోనులో తెల్లతోక కొస ఊగుతోంది.

ఆమెకు నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు. చేయగలిగింది ఒక్కటే కనిపించింది, ఇంకా బాగా చూసుకోవడం. రోజుకు ఒకసారి వెళ్లే ఆఖరి గదికి రెండుసార్లు వెళ్లింది. వాటి మధ్య కూర్చుంది, ఒడిలో పెట్టుకుంది, బుజ్జగించింది. బయటికి వచ్చి నేరుగా సున్నంతోక దగ్గరికి పోయి ముక్కు తడిగా ఉందో లేదో వేలితో చూసింది. ఉంది. గంట ఆగి మళ్లీ చూసింది. ఉంది. తన ఆప్రాన్ అంచు పట్టుకుని పిల్ల లాగుతుంటే, లాగనిచ్చింది. ఆడుతోందంటే బాగున్నట్టేగా!

ఇంట్లో మనవరాలు గుమ్మంలోనే పట్టుకునేది.

"ఇవాళ ఏం తింది?"

"అంతా తినేసింది. గిన్నె కూడా తినబోతే లాక్కున్నాను."

"ఇంకెన్ని రోజులు?"

"వస్తుందిలేవే. నువ్వు ముందు నీ ఎక్కాలు చూసుకో."

మనవరాలు నవ్వింది. 

గురువారం మేనేజరు అందరినీ మందుల గదికి పిలిచాడు. అప్పటికి ఒకటీ రెండూ పోయాయి. నాలుగు కొట్టుకుంటోంది. ఐదుకు సెలైన్ నడుస్తోంది. మేనేజరు పిల్లల్ని చూసి కాదు, ఫోన్లు చూసి భయపడుతున్నాడు. పెంచుకోవడానికి పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు, తీసుకెళ్లబోయేవాళ్లు, అందరూ అడుగుతున్నారు. అతనికి ఒక దోషి కావాలి, అదీ సాయంత్రంలోపు.

"ఇంకా చూసేదేముంది? తెచ్చినవాడు ఇతను. ఆ పెట్టె కడక్కుండా పిల్లల వరసలోంచి మోసుకెళ్లుంటాడు. తాళాలిచ్చేసి వెళ్లమనండి."

"కడిగాను సార్!" హారన్ గొంతుకు గాజు సీసాలు గలగలలాడాయి. "రెండుసార్లు కడిగి ఎండలో పెట్టాను. మీరు టీ తాగే కప్పు కూడా అంత శుభ్రంగా ఉండదు, కావాలంటే పక్కపక్కన పెట్టి చూడండి!"

"చూశారా, పొగరు?"

"కాసేపు ఇద్దరూ ఆగండి," అంది డాక్టరమ్మ. బల్ల మీద తెల్లకాగితం పరిచి పదకొండు గళ్లు గీసింది. ఒకటికి, రెండుకి, నాలుగుకి, ఐదుకి అడ్డగీతలు కొట్టింది. "పెట్టె వల్ల అయితే అటూ ఇటూ చెదురుగా రావాలి. ఇది వరసగా వస్తోంది. ఒకటో బోనుకి త్వరగా, గట్టిగా. ముందుకు పోయేకొద్దీ ఆలస్యంగా. ఎవరో పంచిపెట్టుకుంటూ నడిచినట్టుంది."

"మరి మూడు?" అన్నాడు హారన్.

"దానికి సూదులన్నీ పడ్డాయి. దానికీ అందే ఉంటుంది, తట్టుకుంది."

డాక్టరమ్మ పెన్సిలు ఆఖరి గది తలుపు నుంచి మొదలై ఒకటి మీదుగా, రెండు మీదుగా పదకొండు వైపు నెమ్మదిగా జరిగింది. ఆయమ్మ ఆ పెన్సిలును చూడలేదు. దాని వెనక తన బకెట్టు చక్రాలు కనిపించాయి. తలుపు దగ్గర గడప మీద ఎక్కి దిగేటప్పుడు కిర్రుమనే ఎడమ చక్రం. ప్రతి పొద్దునా, అదే దారి.



"ఒక్కొక్కరూ పొద్దున రాగానే ఏం చేస్తారో చెప్పండి," అంది డాక్టరమ్మ. "ఆయమ్మా, మీరు మొదట ఎక్కడికి వెళ్తారు?"

ఒక్క అబద్ధం చాలు. పిల్లల వరసకమ్మా, అంటే సరిపోతుంది. హారన్ తాళాలిచ్చి పోతాడు. అతనికి వేరే వ్యాను దొరక్కపోదు. ఆమెను ఎవరూ అనుమానించరు, ఆమె ఆయమ్మ. మరి రేపు పొద్దున? రేపు ఏ గది ముందో, ఎందుకో అడగకుండా మళ్లీ అదే బకెట్టు తోసుకుపోవాలి. కిటికీ దాకా. ఆ కిటికీ గుర్తొచ్చి ఆమె నోరు తెరిచింది.

"ముందు ఆఖరి గదికమ్మా."

పెన్సిలు ఆగిపోయింది.

"ముందా?"

"ముందేనమ్మా. ఆఖరి ఘడియల్లో ఉన్నవి కదా పాపం, వాటిని చూసుకున్నాకే మిగతావి."

హారన్ తల పట్టుకున్నాడు. ఈసారి అతని గొంతు లేవలేదు.

"పిన్నీ... ఆఖర్న కడిగే గది కాబట్టి ఆఖరి గది అన్నారు పిన్నీ. బాగున్న చిన్నపిల్లలవి ముందు, జబ్బువాటివి అన్నిటికన్నా ఆఖర్న. నీకన్నా ముందు చేసిన తాత అలాగే చేసేవాడు. నేను నీకు చెప్పలేదూ?"

"ఆఖరి గది అని చెప్పావురా."

అతను చూపు దించుకుని బల్ల మీది కాగితం చూశాడు.

"బ్లీచు పోశానమ్మా," అంది ఆయమ్మ డాక్టరమ్మతో.  "రోజూ పోశాను."

"మురికి పడితే బ్లీచు పని చెయ్యదు ఆయమ్మా. ఆఖరి గదిలో ముంచిన కర్ర అదే నీళ్లలో ముంచితే, ఆ నీళ్లు జబ్బు నీళ్లే."

మేనేజరుకు దోషి దొరికింది. "ఇంత చిన్న విషయం తెలియని మనిషిని ఎవరు పెట్టుకున్నారు?"

"మీరే," అంది డాక్టరమ్మ. "పని వరస రాసిన కాగితం ఎక్కడుంది?"

"చక్కగా ఫ్రేము కట్టించి పెట్టించాం కదా, విజిటర్ల గదిలో."

విజిటర్ల గదిలో! కుర్చీలో కూర్చుని పిల్లిని పెంచుకుందామా కుక్కను పెంచుకుందామా అని తేల్చుకునేవాళ్లు చదవడానికి. ఆ గది నేల ఆయమ్మ రోజూ తుడిచింది. నేల తుడిచే మనిషిని గోడ వంక చూడమని ఎవరూ అనలేదు. కడగాల్సిన చేతులకు చెప్పాల్సిన మాటను గాజు వెనక బిగించి, కడగనివాళ్లకు చూపించారు. అలాంటి చోట్ల జబ్బు రాకపోతే ఆశ్చర్యపోవాలి. డాక్టరమ్మ అడిగాననిపించుకుంది, హారన్ చూపించాననిపించుకున్నాడు, మేనేజరు ఫ్రేము కట్టించాననిపించుకున్నాడు. అందరి పనీ అయిపోయింది. మిగిలింది ఒక బకెట్టు, దాన్ని తోసిన మనిషి.

"నన్ను తీసేస్తే తీసేయండి," అంది ఆయమ్మ. "ముందు ఒక్కటి చెప్పండమ్మా. పదకొండుకు పట్టిందా?"

డాక్టరమ్మ కాగితం మీద పదకొండో గడి చుట్టూ పెన్సిలు తిప్పింది. 

"తెలియదు. మొన్ననే రెండో సూది వేశాం, అది ఇంకా పని మొదలుపెట్టి ఉండదు. వారం ఆగాలి. ఈ వారంలో మీరు దాన్ని ముట్టుకోకూడదు, దాని బోను డ్రైవరు చూసుకుంటాడు."

ఆమెను తీసేయలేదు. ఆ పని చేయడానికి ఇంకెవరూ రారు కాబట్టి. ఆ సాయంత్రమే హారన్ నల్ల రంగు తెచ్చి బకెట్లు కడిగే గోడ మీద చేతిపొడుగు అక్షరాలతో రాశాడు: ముందు కుందేళ్లు, తర్వాత పిల్లులు, తర్వాత పిల్లల వరస కిటికీ వైపు నుంచి, అన్నిటికన్నా ఆఖర్న ఆఖరి గది. 'ఆఖర్న' కింద రెండు గీతలు కొట్టాడు. గదికో బకెట్టు, గదికో కర్ర వచ్చాయి. ఆఖరి గది బూట్లకు ఎర్ర రంగు పూసి ఆ గడప దగ్గరే వదిలేశారు.

ఇంట్లో మనవరాలికి ఆయమ్మ అంతా చెప్పింది. దాచలేదు. పిల్ల చెవులప్పగించి విని అడిగింది.

"నువ్వు చేతులు కడుక్కున్నావు కదా అమ్మమ్మా?"

"కడుక్కున్నాను. కాళ్లు కడుక్కోలేదు."

మనవరాలు లేచి వెళ్లి గుమ్మం దగ్గరున్న అమ్మమ్మ చెప్పుల్ని రెండు వేళ్లతో పట్టుకుని కొళాయి కింద పెట్టింది. నీళ్లు ఎక్కువ తిప్పి, ఆగకుండా రుద్దింది. తిట్టినా బాగుండుననిపించింది ఆయమ్మకు.

శుక్రవారం సున్నంతోక తింది. శనివారం తింది. ఆయమ్మ బోనుకు రెండు బారల దూరంలో నిలబడి గిన్నె ఖాళీ అయిందో లేదో మెడ సాచి చూసేది. పిల్ల ఆమెను చూసి కమ్మీల మీదికి ఎగిరేది, ఆప్రాన్ అంచు కోసం మూతి బయటపెట్టేది. ఆమె చేతులు వెనక్కి కట్టుకునేది. ఆదివారం తింది. ఆమెకు కొంచెం ఊపిరి ఆడింది.

సోమవారం గిన్నె నిండుగా ఉంది.

పిల్ల కమ్మీల దగ్గరికి రాలేదు. మూలన ముడుచుకుని ఉంది. డాక్టరమ్మ పట్టీ మీద చుక్క వేసి గడియారం చూసింది. ఆయమ్మ పట్టీనే చూసింది. ఒక గీత పడింది. అమ్మా, ఒక్కటే చాలు, అక్కడే ఆగిపో అని లోపల గొణుక్కుంది. రెండో గీత ముందు పలచగా, తర్వాత స్పష్టంగా పైకి తేలింది.

సున్నంతోక ఆఖరి గదికి వెళ్లింది.

మంగళవారం పొద్దున ఆయమ్మ ఇనప తలుపు ముందు నుంచే లోపలికి రావాల్సి వచ్చింది. తలుపు వెనక నుంచి సన్నగా మూలుగు. ఆ మూలుగు ఎవరిదో ఆమెకు తెలుసు. కాళ్లు ఆగిపోయాయి. ఇరవై ఆరేళ్లు మూలుగు ఎటు వినిపిస్తే అటు పరుగెత్తిన కాళ్లు అవి. ఎర్ర బూట్లు గడప దగ్గర నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

ఆమె కుందేళ్ల మూలకు వెళ్లింది.

కుందేళ్ల కింద గడ్డి మార్చింది. సగం గడ్డి నేల మీద పోసింది, మళ్లీ ఎత్తింది. పిల్లుల గదిలో ఇసుక ట్రేలు ఒక్కొక్కటే దులిపింది. మూలుగు గోడ దాటి వస్తూనే ఉంది. పిల్లల వరసకు ఆ వరస బకెట్టు తీసుకుంది, ఆ వరస కర్ర తీసుకుంది. పదకొండో బోను ఖాళీ. దాన్నీ కడిగింది. బ్లీచు నీళ్లు పోసి పది నిమిషాలు తడిగా వదిలేయాలి, డాక్టరమ్మ చెప్పింది. వదిలేసింది. పది. తొమ్మిది.

తొమ్మిదో బోను కడుగుతుండగా మూలుగు ఆగిపోయింది.

ఆయమ్మ కర్ర ఆపింది. చెవులు రిక్కించింది. ఏమీ లేదు. కొళాయి చుక్కలు పడుతున్నాయి, అంతే. గేటు దగ్గర హారన్ ఎవరితోనో ఏదో అరిచి మానేశాడు. పిల్లలున్న బోన్లు ఇంకా నాలుగు ఉన్నాయి. ఎనిమిది, ఏడు, ఆరు, మూడు. వాటిలో నాలుగు పిల్లలు, ఇంకా తింటున్నవి, ఇంకా గెంతుతున్నవి. ఇప్పుడు పరుగెత్తితే ఎవరూ చూడరు. తలుపు తీసి ఒక్కసారి చూసి వచ్చేస్తే ఏమవుతుంది? ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఇప్పుడు ఈ షెల్టరులో ఆమెకంటే బాగా ఎవరికీ తెలియదు.

ఎనిమిదో బోను తలుపు తీసింది. కళ్లు కనిపించడం లేదు, భుజానికి తుడుచుకుంది. ఎనిమిది కడిగింది. ఏడు కడిగింది. ఆరు. మధ్యలో ఐదు, నాలుగు ఖాళీ, వాటినీ వదల్లేదు. మూడో బోనులో బండ పిల్ల ఆడుకుందామని కర్ర పట్టుకుంటే, "వదలవే, నీకు దణ్ణం పెడతాను," అంది. రెండు, ఒకటి కడిగింది. బకెట్టు ఒంపింది, కర్ర ఆరేసింది. ఇక చేయాల్సిన పని ఏదీ మిగల్లేదు.

అప్పుడు ఇనప తలుపు దగ్గరికి వెళ్లి, తన బూట్లు విప్పి, ఎర్ర బూట్లు వేసుకుంది. కొత్త ఆప్రాన్ కట్టుకుంది, గ్లౌజులు తొడిగింది. ఎడమ చేతి గ్లౌజు వేళ్లు తప్పి రెండుసార్లు తిరగేసి తొడగాల్సి వచ్చింది. తలుపు తోసింది.

సెలైను గొట్టం చివర సున్నంతోక పక్కకు వాలి ఉంది. కళ్లు మూసుకుని ఉన్నాయి. ఆయమ్మ మోకాళ్ల మీద కూలబడి పక్కటెముకల మీద అరచెయ్యి పెట్టింది. గ్లౌజు గుండా ఏమీ తెలియలేదు. ఊపిరి బిగబట్టి అరచెయ్యి కదలకుండా ఉంచింది. అప్పుడు తెలిసింది, చాలా సన్నగా, గబగబా, లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు.

"వచ్చానే. ఆలస్యమైందే."

కళ్లు తెరుచుకోలేదు. సున్నంలో ముంచిన ఆ కొస మాత్రం నేల మీద ఒకసారి కదిలింది.

బతుకుతుందో లేదో రెండు రోజులు ఆగితే గానీ చెప్పలేనని డాక్టరమ్మ ముందే అంది. ఆయమ్మ తడి గుడ్డలు తీసింది, పొడి గుడ్డలు వేసింది, మూతి తుడిచింది. తొందరపడలేదు. ఈ గది తర్వాత వెళ్లాల్సిన గది ఇంకేదీ లేదు. పని అయ్యాక వంగి దాని చెవి దగ్గర చెప్పింది.

"రేపు కూడా ఆఖర్నే వస్తాను. అప్పటిదాకా ఉండు."